పప్పులక్క, బోడిగుండ్లు

మా అత్తను ఫ్యాక్టరీలో అందరూ పప్పులక్క అంటారు. ఆమెకంటే వయసులో పెద్దవాడైన వాచ్‌మన్ కూడా అలాగే పిలుస్తాడు. అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉంది గానీ, ఆ కార్డును ఎప్పుడూ ఆప్రాన్ లోపలికి దోపుకుంటుంది కాబట్టి దాన్ని చదివినవాళ్లు లేరు.

అది ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీ. అక్కడ చాలా రకాలు చేస్తారు. అత్త పని మాత్రం ఒక్క రకంతోనే. పుల్లకు గుచ్చిన ఐస్‌క్రీమ్, దాని మీద చాక్లెట్ పొర, ఆ పొర నిండా బాదం పలుకులు. అట్టపెట్టె మీది బొమ్మలో ఒక అమ్మాయి కళ్లు మూసుకుని దాన్ని కొరుకుతూ ఉంటుంది. అంత హాయిగా కళ్లు మూసుకున్న మనిషిని మా వీధిలో నేను నిద్రలో కూడా చూడలేదు.

పైన ఇనుప పట్టకార్లకు పుల్లలు తలకిందులుగా వేలాడుతూ వరసలు వరసలుగా వస్తాయి. ఒక్కో వరస కిందికి దిగి, చాక్లెట్ తొట్టిలో మునిగి లేస్తుంది. చాక్లెట్ గోరువెచ్చగా ఉంటుంది, మునిగేది మంచుగడ్డలా ఉంటుంది, అందుకని పైకి లేచిన కాసేపట్లోనే పొర గట్టిపడుతుంది. బాదం పలుకులు ఆ చాక్లెట్‌లోనే కలిపి ఉంటాయి. తంటా అంతా అక్కడే. పలుకులు బరువు కదా, అడుక్కి చేరతాయి. అడుగున తిరిగే రెక్క ఒకటి ఉంది గానీ దానికి మూలలు అందవు. ఆ మూలల్లో కూరుకుపోయిన పలుకుల్ని పొడుగాటి స్టీలు తెడ్డుతో పైకి లేపుతూ ఉండటమే అత్త ఉద్యోగం. జోరుగా కలిపితే చాక్లెట్‌లో బుడగలు లేచి పొరకు చిల్లులు పడతాయి. మరీ నెమ్మదిగా కలిపితే పలుకులు కదలవు. ఆమె తెడ్డు కదిలించడం చూస్తే ఉయ్యాల ఊపుతున్నట్టే ఉంటుంది.

"ఇందులో ఏముందిరా, పడుకున్నవాళ్లని లేపడమే కదా! మీ నాన్నని రోజూ బడికి లేపిన చెయ్యి ఇది," అనేది.

అది నిజమే. వాళ్లమ్మ పోయేనాటికి మా నాన్నకు సరిగ్గా మాటలు కూడా రాలేదట. అత్త కూడా అప్పటికి చిన్నపిల్లే. తమ్ముడు ఒక దారిలో పడ్డాక చూద్దాం అంటూ తన పెళ్లి వాయిదా వేసింది. తమ్ముడు టైలర్ అయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, నేను పుట్టాను, మా అమ్మ పోయింది. అత్తకు పని మళ్లీ మొదటినుంచి మొదలైంది. దీన్ని త్యాగం అని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. "త్యాగమా, నా మొహమా! వాడికి అన్నం వండటం తప్ప నాకింకేం తోచలేదు, అంతే," అంటుంది.

మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నాన్న కుట్టుమిషన్, గుడ్డలు కత్తిరించే బల్ల. వెనక గదిలో మిగతా బతుకంతా.

ఆ ఏడు ఎండలు ముదిరే ముందు నాన్నకు అన్నం దిగడం మానేసింది. ముద్ద గొంతు దాటాక ఎక్కడో ఛాతీ మధ్యలో ఆగిపోయేది. పరీక్షలన్నీ చేశాక పెద్దాసుపత్రి డాక్టరు ఆహారనాళంలో గడ్డ ఉందన్నాడు. కోసి తీసేస్తే మనిషి బతుకుతాడు. కానీ ఆ డాక్టరు నాన్న జబ్బ పట్టుకుని చూసి, మాతో కాకుండా గోడతో మాట్లాడుతున్నట్టు అన్నాడు:

"ఈ ఒంటితో ఆపరేషన్ తట్టుకోలేడు. ముందు బరువు పెరగాలి. పెరిగితేనే నేను కత్తి పట్టుకుంటాను. అలా అని మరీ ఎక్కువ రోజులు ఆగడానికీ లేదు."

"ఏం పెట్టమంటారు బాబూ?" అత్త అడిగింది.

"ఏది దిగితే అది. మెత్తగా ఉండాలి, బలం ఉండాలి."

ఎన్నో చేసి పెట్టింది. పాలు తాగితే తిరగబెట్టేది. మెత్తగా ఉడికించిన అన్నం రెండు చెంచాలతో ఆగిపోయేది. గుడ్డు వాసనకే మొహం తిప్పుకునేవాడు. చివరికి దిగింది ఐస్‌క్రీమ్. చల్లదనానికి నొప్పి తెలిసేది కాదు, నోట్లోనే కరిగిపోయేది. డాక్టరు కూడా సరే, పెట్టండి అన్నాడు.

ఇక అత్తకు పండగే. ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. ఐస్‌క్రీమ్ మీద మంచు పేరుకుని ఉంటే చాక్లెట్ దాన్ని పట్టుకోదు, ఉడికిన గుడ్డు మీద పెంకులా ఊడి వచ్చేస్తుంది. అలాంటివాటిని అత్త పక్కనే నిలబడే ఇంకొకావిడ, అందరూ ఆమెను వదిన అంటారు, పట్టకారునుంచి లాగి నీలం డబ్బాలో పడేస్తుంది. వాటికి అక్కడి పేరు బోడిగుండ్లు. మళ్లీ ముంచకూడదు. షిఫ్టు అయిపోయాక పనివాళ్లు ఇంటికి పట్టుకెళ్లొచ్చు. నిండు పుల్ల ఒక్కటి పట్టుకెళ్తే మాత్రం ఉద్యోగం ఊడుతుంది.

అత్తకు కావలసినవి బోడిగుండ్లే. పొర ఉంటే పలుకులుంటాయి. పలుకులుంటే తమ్ముడి గొంతులో అడ్డం పడతాయి. అందుకని డబ్బాలో చెయ్యి పెట్టి ఏరి, ఇంకా అక్కడక్కడా పెచ్చు అంటుకుని ఉంటే గోటితో గీకేసి, నున్నటివి తీసుకునేది. పొట్లాలు కట్టే మిషన్ దగ్గర చుట్ట చివర మిగిలిన రేపర్లు ఉంటాయి. వాటిలో చుట్టి, థర్మాకోల్ డబ్బాలో పెట్టుకుని, ఆ డబ్బాను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చేది.

నాన్నకు రేపరు చదవడం సరదాగా మారింది. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, వార్తలు చదివినట్టు గొంతు సవరించుకునేవాడు.

"ఒక పుల్లకి. శక్తి రెండు వందల ఇరవై కేలరీలు. కొవ్వు పదిహేను గ్రాములు. ప్రోటీన్ నాలుగు. చక్కెర పదహారు. ఏంటక్కా, ఇది ఐస్‌క్రీమా, ఇటుకల బట్టీయా?"

"నోర్మూసుకుని తిను. కరిగిపోతోంది."

"నోరు మూసుకుంటే ఎలా తింటానే!"

"నీకు చిన్నప్పట్నించీ అంతే, తినమంటే కబుర్లు."

"రోజుకి నాలుగు తింటున్నాను. అంటే ఎనిమిది వందల ఎనభై. ఆపైన పొద్దున తాగే జావ. చూడు, వచ్చే నెలకి నా కొలతలు నేనే తీసుకోలేను, టేపు చాలదు."

గుడ్డ మీద గీతలు గీసే సుద్దతోనే ఆ లెక్క బల్ల అంచున వేసేవాడు. అత్త తుడిచేది కాదు. అంట్లు తోముతూ, వెనక గదిలోంచి నాన్న ఎన్ని తిన్నాడో నన్ను అడిగి అడిగి తెలుసుకునేది.

ఎలా చూసినా నాన్న బాగానే కనిపించేవాడు. చొక్కా జారేది కాదు, ప్యాంటు వదులయ్యేది కాదు. నెల తిరిగాక ఆసుపత్రిలో బరువు చూసే మిషన్ ఎక్కాడు. ముందు నెలకంటే రెండు కిలోలు తక్కువ.

"తినడం లేదు," అన్నాడు డాక్టరు.

"తింటున్నానండీ."

"ఏం తింటున్నావు?"

నాన్న జేబులోంచి రేపరు తీసి చూపించాడు. డాక్టరు దాన్ని చదివి, ఎన్ని తింటున్నాడో అడిగి, మనసులో లెక్క వేసుకున్నాడు.

"ఇది నిజంగా లోపలికి వెళ్తుంటే బరువు ఇంతలా పడిపోదు. మీ ఇంట్లోవాళ్ల కోసం అబద్ధం చెప్పకు. ఇంకో మూడు వారాలు చూస్తాను. ఇలాగే తగ్గితే ఆపరేషన్ మాట మరిచిపోండి."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా ముందు గది వెతకడం మొదలుపెట్టింది. మిషన్ కింద చూసింది. గుడ్డముక్కల సంచి బోర్లించింది. ఐస్‌క్రీములు దొరకలేదు గానీ, నాన్న ప్యాంట్ల గుడ్డతో, అవే రంగులతో, సన్నటి పీలికలు దొరికాయి. నడుం దగ్గర లోపలికి కుట్టి, మిగిలింది కత్తిరించినవి. ఒకసారి కాదు, చాలాసార్లు. చిక్కిపోయినప్పుడల్లా తన బట్టల్ని తానే బిగించుకుంటూ వచ్చాడు మా నాన్న. టైలర్ చిక్కిపోతే పక్కవాళ్లకు తెలిసే దారి లేదు.

"ఏంటిరా ఇది?" పీలికలు గుప్పిట్లో పట్టుకుని అడిగింది.

"వదులైతే బాగుండదని..."

"తినకుండా పారేస్తున్నావు కదూ? ఎక్కడ పారేస్తున్నావో చెప్పు. కాలవలోనా?"

"పారెయ్యలేదక్కా. నీ మీద ఒట్టు."

"నా మీదెందుకు ఒట్టు? నేను పోతే నీకు తెచ్చిపెట్టేదెవరు? నీ మిషన్ మీద వేసుకో ఒట్టు."

"సరే, మిషన్ మీద ఒట్టు. వీణ్ణడుగు, వీడి కళ్లముందే తిన్నాను."

"తిన్నాడత్తా," అన్నాను. "పుల్లలు కూడా నాకి మరీ పెట్టాడు."

"మరి ఆ బలమంతా ఎక్కడికి పోయినట్టు? దొంగలెత్తుకెళ్లారా?"

ఆమె పీలికల్ని మళ్లీ సంచిలో వేసి, వెనక గదిలోకి వెళ్లి, దేని మీదో కోపం ఉన్నట్టు పొయ్యి తుడవడం మొదలుపెట్టింది. నాన్న బల్ల అంచున ఉన్న సుద్ద లెక్కను అరచేత్తో చెరిపేశాడు. ఆ రోజునుంచి అత్త నాన్న ఎదురుగా కూర్చుని, పుల్ల ఖాళీ అయ్యేదాకా కదిలేది కాదు. ఆయన ఆమెకు కనపడేలా నోరు తెరిచి చూపించేవాడు, మందు మింగిన పిల్లాడిలా. ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకునేవారు కాదు. అంత వయసొచ్చిన అక్కాతమ్ముళ్లు అలా కూర్చుంటే నేను ఇంట్లో ఉండలేక వీధిలోకి వెళ్లిపోయేవాణ్ణి.

తర్వాత జరిగింది అత్త నోటివెంటా, వదిన నోటివెంటా విన్నది.

ఫ్యాక్టరీలో ల్యాబ్ అమ్మాయి అప్పుడప్పుడూ లైన్ దగ్గరికి వచ్చి, నాలుగు పుల్లలు తీసుకుని, పక్కనున్న స్టీలు బల్ల మీద పరీక్ష చేస్తుంది. చిన్న కత్తితో చాక్లెట్ పొరంతా వలిచి, పొరను ఒక గిన్నెలో, లోపలి క్రీమును ఇంకో గిన్నెలో పెట్టి, విడివిడిగా తూస్తుంది. అత్త ఏళ్ల తరబడి అది చూస్తూనే ఉంది. తన పలుకులు తక్కువయ్యాయేమో చూస్తున్నారని తప్ప ఇంకో ఆలోచన ఆమెకు రాలేదు. ఆ రోజు మాత్రం మనసు ఆ రేపరు చుట్టూనే తిరుగుతోంది.

"ఏమ్మా, కాగితం మీద కేలరీలు రాస్తారే, అవి ఇలాగే లెక్కేస్తారా?" అని అడిగింది, తెడ్డు ఆపకుండానే.

"అవునక్కా. పొర ఇంత, క్రీము ఇంత అని చూసుకుని రెండూ కలిపి వేస్తాం."

"దేంట్లో ఎక్కువుంటాయి?"

"చూడటానికి క్రీము పెద్దగా కనిపిస్తుంది గానీ, సగానికిపైగా ఈ పొరలోనే అక్కా. చాక్లెట్‌లో కొవ్వు, బాదంలో కొవ్వు, ప్రోటీన్. లోపలిదాంట్లో పాలు, చక్కెర, మిగతాదంతా నీళ్లూ గాలీ."

"మరి పొర లేకపోతే?"

"బోడిగుండు సంగతా? దాంట్లో వంద కూడా ఉండవు."

అత్త చేతిలో తెడ్డు ఆగిపోయింది. అన్నేళ్లలో అలా ఎప్పుడూ ఆగలేదంటుంది వదిన. పలుకులన్నీ అడుక్కి దిగిపోయాయి. ముందు ఒక వరస, వెనకే ఇంకో వరస, నల్లగా, నున్నగా, ఒక్క బాదం ముక్క లేకుండా పైకి లేచాయి.

"పప్పులక్కా! తెడ్డు! పప్పులక్కా, ఏమైంది నీకు?" అని వదిన అరుస్తోంది. రెండు చేతులతో లాగి పడేస్తున్నా నీలం డబ్బా నిండిపోయి నేల మీదికి దొర్లుతున్నాయి. సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చి లైన్ ఆపాడు.

"నిద్రపోతున్నావా అమ్మా?"

"ఇప్పుడే లేచాను బాబూ," అందట అత్త.

ఆ సాయంత్రం థర్మాకోల్ డబ్బా మామూలుగానే ఒళ్లో పెట్టుకుని వచ్చింది. చెప్పులు విప్పి, నాన్న ఎదురుగా కూర్చుంది.

"ఒరేయ్, నువ్వు నిజమే చెప్పావురా."

"ఏం నిజం?"

"నువ్వు తిన్నావు. నేనే పెట్టలేదు." విషయమంతా చెప్పింది. గోటితో గీకి పారేసిన సంగతి చెబుతూ తన గోళ్లు చూసుకుంది. "ఏరి ఏరి, బలం లేనివే తెచ్చి పెట్టాను. నీ గొంతుకి గుచ్చుకుంటుందని. నా చేతులిరగ."

నాన్న కాసేపు రేపరును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ మాటలు రాసినవాడు అబద్ధమేమీ రాయలేదు. అవి కొనుక్కునేవాళ్ల కోసం రాసినవి. డబ్బాలోంచి ఏరుకునేవాళ్లు కూడా చదువుతారని ఎవరూ అనుకుని ఉండరు.

"అంటే అక్కా, నాకు అస్తరు పెట్టి, కోటు గీకేశావన్నమాట," అన్నాడు నాన్న.

అత్తకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆయన మిషన్ మీదున్న గుడ్డముక్క ఒకటి అందించాడు.

"ఇది కస్టమర్‌దిరా."

"పర్లేదు. లోపలివైపు తుడుచుకో."

మర్నాడు ఆమె సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లి, ఆహారం సంగతి చూసే నర్సును పట్టుకుంది. బాదం మెత్తగా రుబ్బి, చాక్లెట్ కరిగించి, ఐస్‌క్రీములో కలిపి పెట్టొచ్చా అని అడిగింది. పలుకు అన్నది తగలకుండా ఉంటే పెట్టొచ్చు, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా పెట్టమంది నర్సు. వచ్చే దారిలో కొట్టులో బాదం, నల్లటి చాక్లెట్ కొనుక్కొచ్చింది.

మొదటిసారి కుదరలేదు. బాదం నానబెట్టి, తోలు తీసి, నేనే మిక్సీ పట్టాను. మెత్తగానే ఉందనుకున్నాను. నాన్న రెండో గుక్కకే ఆగిపోయాడు. కళ్లు పెద్దవయ్యాయి, ముఖం ఎర్రబడింది, ఒంగిపోయి దగ్గడం మొదలుపెట్టాడు. అత్త వీపు మీద చెయ్యి వేసి, "వదిలెయ్, ఉమ్మెయ్, ఉమ్మెయ్ నాన్నా," అంటూనే ఉంది. తమ్ముణ్ణి 'నాన్నా' అని పిలవడం అప్పుడే విన్నాను. దగ్గు తగ్గాక అత్త గిన్నె పక్కకు జరిపింది. ఇది కూడా దిగకపోతే ఇక పెట్టడానికి ఏమీ లేదు. ముగ్గురికీ తెలుసు.

నాన్నే లేచాడు. గుడ్డల బీరువాలోంచి పలుచటి అస్తరు గుడ్డ తీసి, వేలితో నేత చూసుకుని, చదరంగా కత్తిరించాడు.

"దీంట్లో వడకట్టు. దీంట్లోంచి దారమే దూరదు, పలుకేం దూరుతుంది."

ఈసారి బాదంలో కాస్త పాలు పోసి చాలాసేపు తిప్పాను. అత్త దాన్ని అస్తరులో మూటకట్టి, తొట్టి దగ్గర తెడ్డు పట్టే రెండు చేతులతో పిండింది. చిక్కటి పాలలాంటిది దిగింది. అందులో కరిగించిన చాక్లెట్, ఆపైన రెండు బోడిగుండ్లు. చెంచాతో మెల్లగా, బుడగ లేవకుండా కలిపింది. మొదటి చెంచా తను తాగి, నాలుకతో అంగిలిని తడిమి చూసుకుంది. రెండోది తమ్ముడి నోటికి అందించింది.

దిగింది. మేం ఇద్దరం ఆయన గొంతునే చూస్తున్నాం.

"బాగుందా?" అంది అత్త.

"ఇన్నాళ్లూ ఇది అట్టపెట్టెల్లో పెట్టి వేరేవాళ్లకి పంపిస్తున్నావా?" అన్నాడు నాన్న. "ఇంకో చెంచా వెయ్యి."

ఆ మూడు వారాల్లో మిగిలిన రోజులన్నీ మా ఇంట్లో మిక్సీ చప్పుడు తప్ప వేరే మాట లేదు. అత్త డ్యూటీకి వెళ్లే ముందొకసారి, వచ్చాకొకసారి చేసేది. మధ్యాహ్నానిది నేను చేసేవాణ్ణి. చేరిన ఏ ఉద్యోగంలోనూ నిలవని నేను ఆ మూట పిండే పనిలో నిలిచాను. సరిగ్గా పిండలేదని అత్త రోజూ తిట్టేది. పిప్పిలో మిగిలిపోయిన బలాన్ని తలుచుకుని, దాన్ని తను అన్నంలో కలుపుకుని తినేది. ఫ్యాక్టరీలో వదిన బోడిగుండ్లు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ముందు మా వాటా తీసి పక్కన పెట్టేదట. ఎవరైనా గొణిగితే, "నీ తమ్ముడు కూడా మంచం పడితే నీకూ పెడతాను, పో," అనేదట.

ఆసుపత్రికి వెళ్లే రోజు అత్త ఏమీ తినలేదు. నాన్న బరువు మిషన్ ఎక్కుతుంటే చెప్పులు విప్పమంది, జేబులో కత్తెర ఉందేమో చూడమంది. దొంగబరువు వద్దట. డాక్టరు వంగి అంకె చూశాడు. పోయిన రెండు కిలోలూ వచ్చాయి, ఆపైన ఒక కిలో చిల్లర. ఆయన అడిగినంత కాదు. ఆయన పెదవి విరిచి, పాత చీటీ చూసి, మళ్లీ అంకె చూశాడు. అత్త నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఎంతటిదో అప్పుడు తెలిసింది.

"ఏం పెట్టావమ్మా?" అన్నాడు.

నాన్నే చెప్పాడు, బోడిగుండ్లతో మొదలుపెట్టి అస్తరు గుడ్డ దాకా. డాక్టరు మొదటిసారి గోడ వైపు కాకుండా మా వైపు తిరిగి విన్నాడు.

"సరే. పెరుగుతోంది కదా, అది చాలు నాకు. వచ్చే మంగళవారం చేర్చండి. ఆ లోపల ఇదే పెట్టు, మార్చకు."

బయటికి వచ్చాం. వరండా దాటి మెట్లు దిగుతుంటే అత్త ఆగిపోయింది. మూడో మెట్టు మీద కూలబడింది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ పక్కకు తప్పుకుని వెళ్తున్నారు.

"లే అక్కా. బస్సు పోతుంది."

"పోనీరా. కాసేపు కూర్చోనీ."

"పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. నాన్న నన్ను అక్కడే ఉండమని, గేటు బయట కొట్టుకు నడిచి వెళ్లాడు. వెనక్కి రావడానికి చాలాసేపు పట్టింది. ఆయాసపడుతూ వచ్చి, ఆమె పక్కన మెట్టు మీద కూర్చుని, చేతిలోని రేపరు చింపాడు. నిండు పుల్ల. చాక్లెట్ పొర ఎక్కడా పగల్లేదు, పలుకులు అన్ని వైపులా సమంగా ఉన్నాయి.

"ఇది నా తొట్టిదేరా," అంది అత్త, చూడగానే.

"తెలుసు. తిను."

ఆమె కొరికింది. పొర టప్పున పగిలి ఒక పెచ్చు ఒళ్లో పడింది. దాన్ని వేలితో తీసి నోట్లో వేసుకుంది. మళ్లీ కొరికింది. నాన్న ఆమె నములుతుంటే చూస్తూ కూర్చున్నాడు.